అప్‌డేట్: సోమశిలలో మా పాత జెట్‌స్కీ మళ్లీ లాగుతోంది

సెకండ్ హ్యాండ్ జెట్‌స్కీ (నీళ్ల మీద ఉరికే మోటారు బండి) కొన్న, ఇంజన్ రేస్ అయితుంది గానీ బండి ముందుకు పోతలేదు, ఏం చూడాలె అని అడిగిన కదా. "ఇంజన్ జోలికి పోకు, ముందు వేర్ రింగ్ చూడు" అని చెప్పిన అన్నకు దండం. పంపు విప్పితే అదే. ఇంపెల్లర్ (నీళ్లను వెనక్కి తోసే రెక్కల చక్రం) చుట్టూ ఉండే ఆ రింగు లోపల వేలు తిప్పితే గోరు దిగేంత గీతలు! కృష్ణలో నీళ్లు తగ్గినప్పుడు ఒడ్డు పక్కనే స్టార్ట్ చేస్తే పంపు ఇసుక, గులకరాళ్లు పీల్చుకుంటది. అట్ల రింగు అరిగి, ఇంపెల్లర్‌కు దానికి నడుమ సందు పెరిగితే నీళ్లు అందులోంచి వెనక్కి జారిపోయి తోపు తగ్గుతది. కొత్త రింగు వేయించిన. ఇప్పుడు నడుములోతుకు నెట్టినంకనే స్టార్ట్ చేస్తున్నం.

డిప్‌స్టిక్ (ఇంజన్ ఆయిల్ చూసే పుల్ల) మీద ఆయిల్ పాలలెక్క తెల్లగ లేదు, అంటే నీళ్లు కలవలేదు. పెద్ద నిమ్మళం. స్పార్క్ ప్లగ్గులు మార్చిన.

ఫ్లషింగ్ (పైపు నీళ్లతో ఇంజన్ లోపల కడుగుడు) గురించి మాత్రం మా పిలగాళ్లకు గట్టిగ చెప్పిన: ముందు ఇంజన్ స్టార్ట్, తర్వాత పైపు నీళ్లు. ఆపేటప్పుడు ముందు నీళ్లు, తర్వాత ఇంజన్. తారుమారైతే ఎగ్జాస్ట్ గుండా నీళ్లు సిలిండర్లలోకి పోయే ప్రమాదం ఉంది. ఉప్పునీళ్లు కాదు కదా అని వదిలేయకుండ్రి, ఒండ్రు లోపల పేరుకుంటది.