రాగి గని మూసేశాక మౌంట్ ఐసాకు ప్రజల డబ్బు పెట్టడం సబబేనా?

ఎర్రమట్టి:
ఆస్ట్రేలియాలో ఉన్న మనవాళ్లు, గనుల సంగతి తెలిసినవాళ్లు మాట్లాడాలి. క్వీన్స్‌లాండ్‌లోని మౌంట్ ఐసాలో గ్లెన్‌కోర్ కంపెనీ 2025 జూలైలో భూగర్భ రాగి గని మూసేసింది. దాదాపు 1,200 ఉద్యోగాల మీద దెబ్బ పడుతుందని 2023లోనే చెప్పారు. ఖనిజాన్ని కరిగించి రాగి తీసే కొలిమికి, అదే స్మెల్టర్‌కూ, తాళం పడేదే. అదే ఏడాది అక్టోబరులో ఫెడరల్, రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి దానికి మూడేళ్లకు 60 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల సాయం ప్రకటించాయి, టౌన్స్‌విల్‌లోని రిఫైనరీతో కలిపి.

ఇవ్వాల్సిందే అంటాను. సుమారు 18 వేల మంది ఉండే ఊరు. లైకార్ట్ నదికి పడమటి గట్టున గని, పొగగొట్టాలు. తూర్పు గట్టున మౌంట్ ఐసా సిటీ అనే నడిమి పేట, ఊరి వ్యాపారమంతా అక్కడే. జీతాలు ఆగితే ముందు ఖాళీ అయ్యేది ఆ పేటే. టౌన్స్‌విల్ వెళ్లాలంటే 900 కిలోమీటర్లు.

లెక్కలమాస్టారు:
మీ బాధ అర్థమైందండీ, కానీ 60 కోట్లను 18 వేలతో భాగించండి. తలకు 33 వేల డాలర్లు! రాగి ధర బాగున్నప్పుడు లాభం వాటాదార్లకు, బాగోలేనప్పుడు నష్టం పన్ను కట్టేవాళ్లకా? మూడేళ్లయ్యాక మళ్లీ చెయ్యి చాపరని భరోసా ఏది?

ఎర్రమట్టి:
తలకింత అని లెక్కేస్తే తప్పుతుంది మాస్టారూ. ఆ స్మెల్టర్ చుట్టుపక్కల వేరే గనుల ఖనిజాన్నీ కరిగిస్తుంది. అక్కడ పుట్టే గంధకపు వాయువుతో సల్ఫ్యూరిక్ ఆమ్లం చేస్తారు, అది ఫాస్ఫేట్ హిల్ ఎరువుల కర్మాగారానికి వెళ్తుంది. ఒక్క కొలిమి ఆరితే ఇన్ని చోట్ల పని ఆగుతుంది. మన దేశంలో తూత్తుకుడి రాగి కర్మాగారం వాడిన ఐసాస్మెల్ట్ అనే కరిగించే పద్ధతి కూడా పుట్టింది అక్కడే.

కోలారు_మనవడు:
మా తాత చిత్తూరు జిల్లా నుంచి కేజీఎఫ్, అంటే కోలారు బంగారు గనులకు పోయినోడు. 2001 ఫిబ్రవరి 28న గని మూసేశారు. అయినా అక్కడి రాబర్ట్‌సన్‌పేట బజారు ఈరోజుకీ నడుస్తా ఉందంటే కారణం ఒకటే: తెల్లారకముందే మారికుప్పంలో రైలెక్కి బెంగళూరు పనులకు పోయి, రాత్రికి తిరిగొచ్చే జనం. ఐసావాళ్లు ఏ రైలెక్కి ఎక్కడికి పోవాలన్నా? అందుకే సాయం ఇవ్వొచ్చు అంటా. అయితే ఒక షరతు. కేజీఎఫ్‌లో బంగారం తీయగా మిగిలిన సయనైడ్ మట్టి దిబ్బలు ఇళ్ల మధ్యనే మిగిలిపోయినాయి, గాలి లేస్తే ఆ దుమ్ము ఇళ్లల్లోకే. కంపెనీ ఉన్నప్పుడే శుభ్రం చేసే డబ్బు కట్టించుకోవాల. పోయినాక ఎవడూ కట్టడు.

టౌన్‌సైడ్_నర్సు:
తమ్ముడూ, నువ్వు చెప్పిన దుమ్ము మాటే నాదీనూ. మౌంట్ ఐసాలో పనిచేసిన దాన్ని. 2006-07లో క్వీన్స్‌లాండ్ ఆరోగ్యశాఖ ఏడాది నుంచి నాలుగేళ్ల పిల్లలు 400 మందికి రక్తపరీక్ష చేస్తే, 45 మందిలో సీసం డెసిలీటరుకు 10 మైక్రోగ్రాములు దాటింది. అప్పటి హద్దు అది. తర్వాత దేశంలో 5కి తగ్గించారు. గాలి ఊరి మీదికి తిరిగితే కంపెనీ కొలిమి ఆపుతుంది, నిజమే. కానీ మిగతా జాగ్రత్తంతా తల్లులదే: తడిగుడ్డతో ఇల్లు తుడవడం, పెరట్లో మట్టి కనబడకుండా గడ్డి పెంచడం, పిల్లల చేతులు పదేపదే కడగడం. ఈ సాయం రాగి స్మెల్టర్‌కు, అక్కడే ఉన్న సీసం స్మెల్టర్ వేరు, ఒప్పుకుంటాను. కానీ పీల్చే గాలి ఒకటేగా! డబ్బిచ్చే చోట పిల్లల మాట ఎందుకు రాయించుకోరు?

లెక్కలమాస్టారు:
అమ్మా, మీ మాట కాదనలేను. అయితే నా వాదన ఇంకా బలపడింది. కొలిమికిచ్చే బదులు ఆ డబ్బు నేరుగా కార్మికుల చేతికి, పిల్లల వైద్యానికి ఇవ్వండి.

ఎర్రమట్టి:
వైద్యానికి తప్పకుండా ఇవ్వాలి. కార్మికుడి చేతికిస్తే మాత్రం అతను కుటుంబంతో తీరానికి వెళ్లిపోతాడు. తప్పు అతనిది కాదు, అక్కడ పని ఉండదు కాబట్టి. బడిలో పిల్లలు తగ్గితే టీచర్లను తగ్గిస్తారు, తర్వాత డాక్టర్లు. మిగిలేది కదల్లేని ముసలివాళ్లు, ఇల్లు అమ్ముడుపోనివాళ్లు, తరతరాలుగా ఆ నేల తమదైన కల్కడూన్ ఆదివాసీ జనం. వాళ్లకు అప్పుడు ఎవరు దిక్కు మాస్టారూ?