సర్‌నేమ్ గడి దగ్గర ఫారం ముందుకు కదలట్లేదు, ఎవరైనా చెప్పండి ప్లీజ్

సింధు_బెజవాడ:
మధ్యాహ్నం అన్నం తిని కూర్చున్నదాన్ని, ఇప్పటికీ మొదటి పేజీ దాటలేదు. అమ్మ వీసా ఫారం నింపుతున్నా. అమ్మ పాస్‌పోర్టులో సర్‌నేమ్ దగ్గర ఏమీ లేదు, పేరంతా గివెన్ నేమ్ వరుసలోనే ఉంది. గడి ఖాళీగా వదిలితే ఎర్ర అక్షరాలతో తిడుతోంది. చుక్క పెట్టినా తీసుకోవట్లేదు. పేరును రెండు ముక్కలు చేసి రాద్దామంటే పాస్‌పోర్టుతో తేడా వస్తుందేమోనని భయం. ఈలోగా టైమ్ అయిపోయిందని బయటికి తోసేస్తోంది. అమ్మ విమానం ఎక్కడం ఇదే మొదలు, ఆవిడ టెన్షన్ ఆవిడది. ఏం రాయాలి?

రాత్రిడ్యూటీ:
ఏ దేశం? ఏ ఫారం?

మాస్టారు_రిటైర్డ్:
అమ్మా సింధూ, ఇది ఫారం సమస్య కాదు, పాస్‌పోర్టు సమస్య. మనవాళ్లు స్కూల్లో చేర్చేటప్పుడు ఇంటిపేరును ఒక్క అక్షరానికి కుదించేస్తారు. అదే సర్టిఫికెట్లోకి, ఆధార్‌లోకి, చివరికి పాస్‌పోర్టులోకి వస్తుంది. ముందు పాస్‌పోర్టు రీఇష్యూకి పెట్టి, వివరాల మార్పు కింద సర్‌నేమ్ చేర్పించు. 36 పేజీలదానికి ఫీజు 1500 రూపాయలే. తత్కాల్ అయితే ఇంకో 2000. ఒక్కసారి సరిచేస్తే ఇక జన్మలో ఈ బాధ ఉండదు. మా ఊళ్లో ఎంతమందికి నేనే చేయించానో!

శ్రీను_ఖమ్మం:
మాస్టారూ, ఆధార్‌లో కూడా ఇంటిపేరు లేకపోతే పాస్‌పోర్టు వాళ్లు ఏ కాగితం చూసి చేరుస్తారండీ? ముందు ఆధార్, ఆ తర్వాత పాస్‌పోర్టు. అప్పటికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది.

మాస్టారు_రిటైర్డ్:
తొందరపడి తప్పుడు కాగితాలతో వెళ్లమంటావా?

సింధు_బెజవాడ:
అమెరికానే అండీ. అక్క అక్కడే ఉంది, డెలివరీ దగ్గరపడింది. డీఎస్-160.

రాత్రిడ్యూటీ:
అది మొదటే చెప్పాల్సింది. పాస్‌పోర్టులో ఉన్న పేరు మొత్తం సర్‌నేమ్స్ గడిలో రాయండి. గివెన్ నేమ్స్ గడిలో ఎఫ్ఎన్‌యూ అని మూడు అక్షరాలు. అంతే. సేవ్ కొట్టండి.

డల్లాస్_పిన్ని:
ఫారం ఎలాగో అవుతుంది కానీ, సామాను సంగతి చెప్తా విను తల్లీ. పచ్చి కరివేపాకు పెట్టుకుని రావద్దని అమ్మకు ఇప్పట్నుంచే చెప్పు. అది నిమ్మజాతి మొక్క. దాని మీద ఉండే చిన్న పురుగు ఇక్కడి నారింజ తోటలకు తెగులు తెస్తుంది, అందుకే కనబడితే లాక్కుంటారు. ఆవకాయ, గోంగూర పచ్చడి పర్లేదు, కానీ ఇక్కడ దిగాక కస్టమ్స్ వాళ్లకి తిండి ఉందని నిజం చెప్పాలి. చెప్పకుండా దొరికితే ఫైన్. చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి అసలు వద్దు. ఎండుకొబ్బరి చిప్పలు చెకిన్ పెట్టెలో పెట్టకండి, నూనె ఎక్కువ కాబట్టి అంటుకుంటుందని మన ఎయిర్‌పోర్టులోనే తీసేస్తారు. ప్రతి వేసవిలోనూ ఎవరో ఒకరి అమ్మగారు సున్నుండల కింద కొబ్బరి దాచి తెస్తూనే ఉంటారు.

సింధు_బెజవాడ:
పిన్నిగారూ, పచ్చళ్లదాకా ఇంకా రాలేదండీ 🙏
@రాత్రిడ్యూటీ ఎఫ్ఎన్‌యూ అంటే వీసా మీద కూడా అలాగే వస్తుందా? అమ్మ పేరు మారిపోయినట్టు కాదా?

రాత్రిడ్యూటీ:
వస్తుంది. మారినట్టు కాదు. మొదటి పేరు తెలియదు అని దాని అర్థం. టికెట్ కొనేటప్పుడు ఒంటిపేరు ఎలా వేయాలో ఆ విమాన సంస్థనే అడగండి, ఒక్కొక్కరిది ఒక్కో పద్ధతి.

శ్రీను_ఖమ్మం:
సర్‌నేమ్ అంటే ఇంటిపేరే కదా, నాన్నగారి ఇంటిపేరు రాసేస్తే పోలా?

మాస్టారు_రిటైర్డ్:
ఇంటిపేరు వేరు, సర్‌నేమ్ వేరు. ఉత్తరాదిన కులనామం...

రాత్రిడ్యూటీ:
పాస్‌పోర్టులో ఆ వరుసలో అచ్చయి ఉన్నదే సర్‌నేమ్. ఏమీ లేకపోతే ఏమీ లేదు. నాన్నగారిది రాయకండి.

సింధు_బెజవాడ:
అయ్యో, మొదట నేను నాన్న ఇంటిపేరే రాసి మూడు నాలుగు పేజీలు నింపా. తర్వాత అనుమానం వచ్చి కొత్తది మొదలుపెట్టా. పాతది తెరుద్దామంటే అప్లికేషన్ ఐడీ ఉంది కానీ వివరాలు సరిపోలేదు అంటోంది.

రాత్రిడ్యూటీ:
సర్‌నేమ్‌లో మొదటి ఐదు అక్షరాలు అడుగుతుంది కదా. మీరు అమ్మ పేరు కొడుతుంటారు. అప్పుడు మీరు రాసింది నాన్నగారిది. అవి కొట్టండి, పుట్టిన సంవత్సరం, సెక్యూరిటీ ప్రశ్న జవాబు. తెరుచుకుంటే పేరు దిద్దుకోండి, మళ్లీ మొదట్నుంచి అక్కర్లేదు. 20 నిమిషాలు కదలకుండా వదిలేస్తే బయటికి పంపేస్తుంది, ప్రతి పేజీలో సేవ్ చేయండి.

గోదారి_గట్టు:
ఇంటర్వ్యూలో డెలివరీ అని చెప్పొద్దు. పిల్లను చూసుకునే పనికి వెళ్తున్నారనుకుంటారు. ఊరు చూడ్డానికి అనమనండి.

డల్లాస్_పిన్ని:
అదేం సలహా? కూతురు పురిటికి వెళ్లే తల్లి అబద్ధం ఎందుకు చెప్పాలి? దొరికితే తర్వాత ఎప్పటికీ ఇవ్వరు. కూతురి కాన్పు, చూసి వచ్చేస్తా అంటే చాలు. తెలుగులో మాట్లాడతానని అడిగితే తెలుగులోనే అడుగుతారు కూడా.

గోదారి_గట్టు:
మా అత్తయ్యకి అలా చెప్తేనే రిజెక్ట్ అయింది.

డల్లాస్_పిన్ని:
తిరిగి వస్తుందని నమ్మకం కలక్కపోతే రిజెక్ట్ చేస్తారు, డెలివరీ అన్నందుకు కాదు. ఊళ్లో మీ మామయ్య, ఇల్లు, పొలం ఉన్నాయని చెప్పిందా?

గోదారి_గట్టు:
అది అడగలేదట.

శ్రీను_ఖమ్మం:
సింధు గారూ, బేగంపేట వెళ్లకండి, 2023 నుంచి కాన్సులేట్ నానక్‌రామ్‌గూడలో. వేలిముద్రలు వేరే రోజు, వేరే చోట. అపాయింట్‌మెంట్ కాగితం మీద రెండు చిరునామాలూ ఉంటాయి, చూసుకోండి. బెజవాడ నుంచి రెండుసార్లు తిరగకుండా పక్కపక్క రోజులు దొరుకుతాయేమో చూడండి.

సింధు_బెజవాడ:
పాతది తెరుచుకుంది!! పేరు దిద్దేశా. ఇప్పుడు ఫోటో దగ్గర ఆగింది. స్టూడియో అతను ఇచ్చిందే, తీసుకోనంటోంది.

రాత్రిడ్యూటీ:
చతురస్రంగా ఉండాలి, 600 నుంచి 1200 పిక్సెళ్లు, 240 కేబీ దాటకూడదు, జేపెగ్. వెనక తెల్లగా.

డల్లాస్_పిన్ని:
అమ్మకి కళ్లద్దాలుంటే తీయించి తీయాలి.

సింధు_బెజవాడ:
ఉన్నాయి. తీయలేదు 🤦‍♀️ రేపు పొద్దున్న మళ్లీ స్టూడియోకి. అందరికీ థాంక్స్, పడుకుంటున్నా.

మాస్టారు_రిటైర్డ్:
పాస్‌పోర్టు విషయం మాత్రం ఆలోచించు తల్లీ.

గోదారి_గట్టు:
పిన్నిగారూ, ఎండబెట్టిన కరివేపాకు పొడి కూడా తీసేస్తారా?