అప్‌డేట్: పుణె తెల్ల స్ఫటికాలు స్టిల్‌బైట్ కాదు, హ్యూలాండైట్

పుణె దగ్గర బసాల్ట్ క్వారీలో దొరికిన ముత్యపు మెరుపు స్ఫటికాలు స్టిల్‌బైటా, హ్యూలాండైటా (రెండూ జియోలైట్లు, అంటే లోపల నీటిని పట్టి ఉంచే సిలికేట్ ఖనిజాలు) అని ఇంతకుముందు పోస్టులో అడిగాను కదా. తేలిపోయింది.

ఎఫ్‌టీఐఆర్ (ఖనిజం పరారుణ కాంతిని ఎక్కడెక్కడ పీల్చుకుంటుందో చూసే పరీక్ష) పెద్దగా సాయపడలేదు. 1640 సెం.మీ⁻¹ దగ్గర నీటి పట్టీ, 1000 దాటాక సిలికేట్ పట్టీ. జియోలైట్ అని తెలిసింది, అంతే. ఏ జియోలైటో చెప్పలేదు.

ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్‌రేలు స్ఫటికాల నుంచి ఏ కోణాల్లో బలంగా వస్తాయో, అంటే పీకులు ఎక్కడ లేస్తాయో, చూసే పరీక్ష) మొదటిసారి నా తప్పు వల్లే పాడైంది. పొడిని గాజుపలకతో గట్టిగా నొక్కేశాను. పలుచటి రేకులన్నీ ఒకే వైపు పడుకుని, 9.9 డిగ్రీల పీక్ ఒక్కటే తాటిచెట్టులా లేచింది, మిగతావి కనిపించనే లేదు. రెండోసారి జల్లెడలోంచి మెల్లగా చల్లాను. అప్పుడు 22.4 డిగ్రీల దగ్గర, అంటే పరమాణు పొరల మధ్య దూరం 3.97 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర, బలమైన పీక్ వచ్చింది. స్టిల్‌బైట్ అయితే 4.06 దగ్గర, అంటే 21.9 డిగ్రీల దగ్గర రావాలి. (ఈ కోణాలు రాగి ఎక్స్‌రే ట్యూబ్‌తో వచ్చేవి.)

అయినా టెన్షన్ పోలేదు. క్లైనోప్టిలోలైట్ అనే మరో జియోలైట్‌దీ ఇదే పరమాణు చట్రం, ప్యాటర్న్ దాదాపు ఒకటే. అందుకే పొడిని 450 డిగ్రీల సెల్సియస్‌లో రాత్రంతా ఉంచి మళ్లీ ఎక్స్‌ఆర్‌డీలో పెట్టాను. పీకులు మాయం! క్లైనోప్టిలోలైట్ అయితే ఆ వేడికి తట్టుకునేది. ఈడీఎస్‌లో (ఏ మూలకం ఎంత ఉందో కొలిచే పరీక్ష) సిలికాన్, అల్యూమినియం నిష్పత్తి సుమారు 3.1 వచ్చింది. 1997 జియోలైట్ నామకరణ నియమాల ప్రకారం 4 కన్నా తక్కువైతే హ్యూలాండైటే.

ఆ పోస్టు కింద "ముందు వేడిచేసి చూడు" అన్నవారికి థ్యాంక్స్. డబ్బాల మీద లేబుళ్లు మార్చేశాను.