అబిగైల్ ఆడమ్స్ కొన్న రుణపత్రాలు: ముందుచూపా, సైనికుల కష్టం మీద లాభమా?

చరిత్ర విద్యార్థిని:
అమెరికా స్వాతంత్ర్య యుద్ధ నాయకుడు, తర్వాత ఆ దేశానికి రెండో అధ్యక్షుడైన జాన్ ఆడమ్స్, ఆయన భార్య అబిగైల్ రాసుకున్న ఉత్తరాలు వెయ్యికి పైగా మిగిలాయి. అందరూ 1776 మార్చి 31 నాటి "ఆడవాళ్లను మరచిపోకండి" ఉత్తరాన్నే తలుచుకుంటారు. నన్ను వదలనిది 1775 జూన్ నాటి ఉత్తరం. బోస్టన్ పక్కన యుద్ధం, భర్త ఫిలడెల్ఫియాలో. ఆమె పంపమన్నది గుండుసూదుల కట్ట! ఏడున్నర షిల్లింగులకు వచ్చేది ఇరవై ఇస్తామన్నా దొరకడం లేదట. సరుకు విలువ అంత బాగా తెలిసిన ఆ ఇల్లాలే, భర్త యూరప్ నుంచి పంపిన రుమాళ్ల వంటి సరుకులు అమ్మించింది. తర్వాత ప్రభుత్వ రుణపత్రాలు, అంటే బాకీని వడ్డీతో తీరుస్తామని ప్రభుత్వం రాసిచ్చిన కాగితాలు, కొన్నది. జీతం కింద అవే పత్రాలు పుచ్చుకున్న సైనికులు ఇల్లు గడవక అయినకాడికి అమ్ముకున్నారు. ఇది న్యాయమేనా?

పాత ఆడిటర్:
నేను తప్పు పట్టను. ప్రభుత్వం బాకీ తీరుస్తుందని అప్పట్లో ఎవరికి నమ్మకం? యుద్ధ ఖర్చులకు అమెరికా కాంగ్రెస్ అచ్చువేసిన "కాంటినెంటల్" కాగితం డబ్బు విలువ కళ్ల ముందే కరిగిపోయింది. కొన్నవాళ్లు మొత్తం పోగొట్టుకునే అవకాశమూ ఉంది. పైగా ఆమె అన్నిసార్లూ గెలవలేదు. 1782లో దూరాన ఉన్న వెర్మాంట్ ప్రాంతంలో భూమి కొంటే, ఇక వెర్మాంట్ జోలికి పోవద్దని జాన్ రాశాడు. అతనికి ఇంటి దగ్గరి పొలాల మీద మక్కువ, ఆమెకు వడ్డీ మీద గురి. ఆమెకు పిన్ని భర్త అయిన కాటన్ టఫ్ట్స్ ఈ వ్యవహారాలు చూసిపెట్టాడు.

రైతు బిడ్డ:
ఆడిటర్ గారూ, ఆ వడ్డీ ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చూడండి. మసాచుసెట్స్ రైతుల పన్నుల నుంచి! ఆ భారం మోయలేకనే 1786లో అక్కడి రైతులు తిరగబడ్డారు; దాన్నే షేస్ తిరుగుబాటు అంటారు. లండన్‌లో ఉన్న అబిగైల్ 1787 జనవరిలో, అప్పుడు ఫ్రాన్స్‌లో అమెరికా రాయబారిగా ఉన్న జెఫర్సన్‌కు రాస్తూ వాళ్లను మూర్ఖులు, నీతినియమాలు లేని దుండగులు అన్నది. నాకు కడుపు మండేది అక్కడే. 1790లో ఆ బాకీ తీర్చే మాట వచ్చినప్పుడు, పత్రాలు మొదట పుచ్చుకున్న వాళ్లకూ కొంత ముట్టాలని కాంగ్రెస్ సభ్యుడు మాడిసన్ ప్రతిపాదిస్తే, ప్రతినిధుల సభ 36–13 ఓట్లతో తోసిపుచ్చింది.

చరిత్ర విద్యార్థిని:
మీ కోపం న్యాయమైనదే. ఒక్క సంగతి మాత్రం చేర్చనివ్వండి. నాటి చట్టం ప్రకారం పెళ్లైన స్త్రీ ఆస్తి భర్తదే. అయినా 1816లో ఆమె స్వయంగా వీలునామా రాసింది. డబ్బూ బట్టలూ దాదాపు అన్నీ మనవరాళ్లకు, మేనకోడళ్లకు, పనివాళ్లలోని ఆడవాళ్లకు ఇచ్చింది. ఆమె 1818లో పోయాక జాన్ దాన్ని మన్నించాడు కూడా.

రైతు బిడ్డ:
మన్నించాడు, మంచిదే. కానీ రుణపత్రం అమ్ముకున్న సైనికుడి భార్యకు అందులో వాటా లేదు కదమ్మా.