మూజువాణి ఓటు వేస్తే మన ఎంపీ ఎటువైపున్నాడో తెలుసుకునే దారి ఉందా?

ప్రశ్న:
2014 ఫిబ్రవరి 18. నేను ఇంటర్ పరీక్షలకి చదువుకుంటున్నా. విభజన బిల్లు లోక్‌సభలో ఓటింగుకి వస్తోందని నాన్న కొట్టు కట్టేసి వచ్చి టీవీ ముందు కూర్చున్నారు. ఉన్నట్టుండి ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది, కాసేపటికి మూజువాణి ఓటుతో (సభ్యులు నోటితో అవును, కాదు అనడంతో) బిల్లు పాసైందని స్క్రోలింగ్ వచ్చింది. "ఎంతమంది అవునన్నార్రా?" అని నాన్న అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు గ్రూప్స్‌కి పాలిటీ చదువుతుంటే మళ్లీ అదే ప్రశ్న. అంత పెద్ద బిల్లుకి లెక్క ఎందుకు లేదు?

జవాబు 1:
ఆర్టికల్ 3 కింద రాష్ట్రాన్ని విభజించడానికి సాధారణ మెజారిటీ చాలు బ్రదర్. రాజ్యాంగ సవరణ అయితే మూడింట రెండొంతులు వచ్చాయో లేదో తేలాలి కాబట్టి లెక్కపెట్టక తప్పదు, దీనికి ఆ అవసరం లేదు. లోక్‌సభ నిబంధన 367 చూడు. స్పీకర్ ముందు గొంతులు విని "అవునన్నవారిదే" అంటారు, ఎవరైనా ఒప్పుకోకపోతే లాబీలు ఖాళీ చేయించి, మూడున్నర నిమిషాల తర్వాత మళ్లీ అడుగుతారు, అప్పుడూ ఒప్పుకోకపోతేనే డివిజన్, అంటే ఎవరు ఎటు వేశారో పేర్లతో నమోదయ్యే ఓటింగ్. కానీ అదే నిబంధనలో ఇంకో మాట ఉంది: డివిజన్ అనవసరంగా అడుగుతున్నారని స్పీకర్‌కి అనిపిస్తే సభ్యుల్ని నిలబెట్టి తలలు లెక్కపెట్టి తేల్చేయొచ్చు, పేర్లు రాయరు. నాకు కోపం తెప్పించేది ఆ ఒక్క వాక్యమే.
ఇంకోటి, అంతకుముందు జనవరి 30న మన అసెంబ్లీ ఆ బిల్లుని తిరస్కరించింది కూడా మూజువాణి ఓటుతోనే.

జవాబు 2:
పేర్లు రాస్తే ఎంత తేడా వస్తుందో 2023 సెప్టెంబరులో చూశాం కదా. మహిళా రిజర్వేషన్ బిల్లుకి లోక్‌సభలో అనుకూలం 454, వ్యతిరేకం 2. ఆ ఇద్దరిలో ఒకరు హైదరాబాద్ ఎంపీ ఒవైసీ గారు. ఆయనతో ఏకీభవిస్తామా లేదా అనేది వేరే విషయం, హైదరాబాద్ ఓటరు "ఎందుకలా వేశారు?" అని నేరుగా అడగొచ్చు. 2014 గురించి మీ నాన్నగారు అలా ఎవర్నీ అడగలేరు.

జవాబు 3:
విప్ (ఎటు ఓటేయాలో పార్టీ తన సభ్యులకిచ్చే ఆదేశం) సంగతి కూడా కలిపి చూడండి. రాజ్యాంగం పదో షెడ్యూల్ (ఫిరాయింపుల నిరోధక చట్టం) ప్రకారం విప్‌ని కాదని ఓటేస్తే సభ్యత్వం పోవచ్చు, అందుకే మనసులో ఏమున్నా డివిజన్‌లో పార్టీ చెప్పినట్టే వేస్తారు. మూజువాణిలో వందల గొంతుల మధ్య ఒకాయన "కాదు" అన్నా పట్టుకునేవాళ్లు లేరు. ఆ ధైర్యాన్ని ఓటరు కూడా చూడలేడు, అదే నా బాధ. 2020 సెప్టెంబరు 20న రాజ్యసభలో సాగు బిల్లులకి ప్రతిపక్షం డివిజన్ అడిగింది. సభ్యులు తమ సీట్లలో లేరని డిప్యూటీ ఛైర్మన్ ఇవ్వలేదు. కానీ కొందరు తమ సీట్లలోంచే డివిజన్ అడిగినట్టు తర్వాత సభ వీడియోలో కనిపించింది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ థ్యాంక్స్ అండీ. 367 మొత్తం చదివాను. రాత్రి భోజనాల దగ్గర నాన్నకి చెప్పాను, పేర్లు ఎక్కడా రాయలేదు, ఇక తెలిసే దారి లేదని. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "మరి ఆ రోజు డివిజన్ కావాలని ఎవరూ అడగలేదా?" అన్నారు. ఆ రోజు సభా చర్చల ప్రతి లోక్‌సభ సైట్‌లో ఉంటుంది కదా, రేపు అది వెతికి చదువుతా.