మోసం, నిరాశ: అమ్మానాన్నలతో వాషింగ్టన్ స్టేట్ పార్కులకు

ప్రశ్న:
జూన్‌లో అమ్మానాన్నలు సియాటిల్‌లో మా ఇంటికి వస్తున్నారు. నాన్నగారికి అడవి, కొండ, సముద్రం మూడూ చూడాలని ఉంది. అరమైలు దాటితే అమ్మ మోకాళ్లు మొరాయిస్తాయి. డిసెప్షన్ పాస్ అనే జలసంధి, కేప్ డిసప్పాయింట్‌మెంట్ అనే సముద్రపు కొన అనుకున్నాను. పేర్లకు అర్థం చెప్పగానే నాన్నగారు, "ఒకటి మోసం, ఇంకొకటి నిరాశ. ఇంత దూరం వచ్చేది వీటికోసమా?" అన్నారు. మూడు రోజుల్లో రెండూ కుదురుతాయా? నా దగ్గర ఉన్న నేషనల్ పార్కుల పాస్ చెల్లుతుందా?

జవాబు:
చెల్లదు, ఈ రెండూ రాష్ట్రం నడిపే స్టేట్ పార్కులు. స్టేట్ పార్కులో కారు ఆపాలంటే డిస్కవర్ పాస్ కావాలి, ఒక రోజుకు 10 డాలర్లు. మొదటి ఏడాది నేనూ మీలాగే నేషనల్ పార్కు పాస్‌ను అద్దానికి దర్జాగా తగిలించి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి కారు మీద జరిమానా కాగితం. ఏడాది పాస్ కొంటే దాని మీద రెండు కార్ల నంబర్లు రాసుకోవచ్చు.

జవాబు:
మీ నాన్నగారికి ఆ పేర్ల కథ చెప్పండి, మెత్తబడతారు. 1788లో జాన్ మియర్స్ అనే నావికుడు కొలంబియా నది ముఖద్వారం కోసం వెతికి, దొరక్క, ఆ కొనకు నిరాశ అని పేరు పెట్టాడు. నది అక్కడే ఉంది! డిసెప్షన్ పాస్ పక్కనున్న విడ్బీని ద్వీపకల్పమనుకున్న మరో నావికుడు జార్జ్ వాంకూవర్, అది దీవి అని తేలాక 1792లో ఆ జలసంధికి మోసం అని పెట్టాడు. తప్పు వాళ్లది, నింద నీళ్లకు.

డిసెప్షన్ పాస్‌లో ముందు వంతెన ఎక్కకండి. 1935 నాటిది, నీటికి దాదాపు 180 అడుగుల ఎత్తున ఉంటుంది. నడిచే దారి ఇరుకు, పక్కనే లారీలు, పైగా గాలి. మా అత్తగారు నాలుగడుగులు వేసి కమ్మీ పట్టుకుని నిలబడిపోయారు. వెస్ట్ బీచ్‌లో ఇసుక పక్కనే కారు ఆపుకోవచ్చు, అమ్మగారికి అదే నయం. ఆటుపోట్ల వేళలు చూసుకుని వెళితే వంతెన కింద సముద్రం వరద గోదారిలా సుడులు తిరుగుతూ పరుగెత్తడం కనిపిస్తుంది. అదీ అసలు దృశ్యం.

కేప్‌కు ఒక రాత్రి బస పెట్టుకోండి, పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేద్దామనుకుంటే రోజంతా కారులోనే. అక్కడ దీపస్తంభాలు రెండు: 1856లో కట్టింది ఉత్తరం నుంచి వచ్చే ఓడలకు కనబడక 1898లో నార్త్ హెడ్ కట్టారు. మీరు రెండోదానికి వెళ్లండి, నడక తక్కువ. ఒడ్డున పడి ఉన్న పెద్ద దుంగల మీద మాత్రం ఎవరినీ కూర్చోనివ్వకండి. ఒక్క అల వస్తే అంత మానూ బెండులా లేస్తుంది, కింద పడ్డవాళ్లు నలిగిపోతారు.

జవాబు:
మరి కొండ సంగతి? ఆర్కస్ దీవిలో మొరాన్ పార్కు చూడండి. సుమారు 2,400 అడుగుల మౌంట్ కాన్‌స్టిట్యూషన్ కొసదాకా కారే వెళుతుంది. అనకోర్టెస్‌లో ఫెర్రీ ఎక్కాలి, డిసెప్షన్ పాస్‌కు దగ్గరే. కారుకు ముందే చోటు రిజర్వు చేసుకోండి.

ప్రశ్న అడిగినవారు:
కథ పనిచేసింది. నాన్నగారు ఇప్పుడు మియర్స్ మీద జాలిపడుతున్నారు. కేప్ వచ్చేసారికి వాయిదా వేసి డిసెప్షన్ పాస్, మొరాన్ ఖాయం చేశాం. అమ్మ మాత్రం ఒకటే అడిగింది: ఫెర్రీలో కారు దిగకుండా కూర్చోవచ్చా?

జవాబు:
కూర్చోవచ్చు. కానీ కూర్చోనివ్వకండి, పైకి లిఫ్టులో తీసుకెళ్లి కిటికీ పక్కన చోటు చూడండి.