క్రిమినల్ జస్టిస్ సిరీస్ లాయర్ మాధవ్ మిశ్రాకి సీజన్ 5 వస్తే ఏ కేసు ఇవ్వాలి?

బరంపురం నుంచి: క్రిమినల్ జస్టిస్ 2019 నుంచి 2025 వరకు నాలుగు సీజన్లూ చూసేశాను, ఇంక బొంబాయి డబ్బున్నోళ్ల ఇళ్లలో హత్యలు చాలు బాబూ, మా ఒడిశా గంజాం వైపు కేసొకటి పెట్టొచ్చు కదా, నిందితుడికి తెలుగు తప్ప రాదు, సాక్షులంతా ఒడియాలో చెప్తారు, పంకజ్ త్రిపాఠీ చేసే మాధవ్‌కి రెండూ రావు 😄

పర్లాకిమిడి: సూపర్ పాయింట్ గురూ. పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ కేసుల విచారణ చట్టం) సెక్షన్ 279లోనే ఉంది, సాక్ష్యం అర్థం కాకపోతే నిందితుడికి తెలిసిన భాషలో కోర్టులోనే చెప్పాలని. మా మావయ్య భూమి కేసులో ఒడియా కాగితం టీకొట్టు బెంచీ మీద పరిచి ఎవరెవరిచేతో చదివించుకునేవాడు, ఆ సీను కావాలి.

రాయగడ: అదంతా ఓకే, మాధవ్ భార్య రత్నకి మాత్రం ఎక్కువ సీన్లుండాలి, ఆవిడ లేకపోతే నేను చూడను.

బరంపురం నుంచి: ఆవిణ్ణే ఇంటర్‌ప్రెటర్‌ని చేసేద్దాం ఏటి?